జెస్సీ చేతిలో నిమ్మకాయ

నాకు వాసనలు తెలియవు. నాలుగేళ్ళ కిందట, కరోనా రెండో విడతలో, నా భార్య సుకుమారి, నేను ఒకే వారం జ్వరపడ్డాం. ఆమె ఆసుపత్రి నుంచి తిరిగి రాలేదు. నేను వచ్చాను గానీ నా ముక్కు రాలేదు. మూడు నెలల్లో వస్తుందన్నారు, ఏడాది పట్టొచ్చన్నారు. ఆ తర్వాత నేను అడగడం మానేశాను.

ఉదయగిరిలో మా ఇంట్లో అప్పటి నుంచి నా ముక్కు మా కోడలు జెస్సీయే. పాలు విరిగితే ఆమె చెప్పాలి. గ్యాసు లీకైతే ఆమె చెప్పాలి. నేను పొయ్యి ముందు పుస్తకం పట్టుకుని నిలబడి ఉంటే లోపలి గదిలోంచి "మామా, అడుగంటతా ఉండాది" అని వినిపించేది. మా అబ్బాయి ఏలియా బోరు లారీ మీద పనిచేస్తాడు. ఎండలు ముదిరేకొద్దీ వాళ్ళకి పని ఎక్కువ. ఫిబ్రవరి ఆఖర్లో ఛత్తీస్‌గఢ్ వెళ్ళినవాడు వానలు పడితేగానీ రాడు. జెస్సీకి తల్లి లేదు. కాబట్టి ఆ మార్చిలో ఆమెకు నెల తప్పినప్పుడు ఇంట్లో పెద్ద దిక్కూ నేనే, ఆడ దిక్కూ నేనే.

అది మూడో గర్భం. మొదటి రెండూ మూడో నెల దాటలేదు.

ఏప్రిల్‌కల్లా వాంతులు మొదలయ్యాయి. అందరికీ వచ్చేవే అనుకున్నాం. వారం తిరిగేసరికి మంచినీళ్ళు కూడా కడుపులో నిలవలేదు. ఆత్మకూరులో ప్రమీలారాణి అనే డాక్టరమ్మ ఉంది. వారానికి రెండుసార్లు వచ్చి సెలైన్ పెట్టించుకోవాలని, ఆ గతుకుల్లో బస్సెక్కొద్దని ఆమె చెప్పింది. జూనియర్ కాలేజీలో లైబ్రేరియన్‌గా రిటైరైనప్పుడు కొనుక్కున్న పాత కారు ఒకటి నాకుంది. అది ఉండబట్టే కదా అని ఆ రోజు దేవునికి కృతజ్ఞత చెప్పుకున్నాను.

మొదటిసారి బయల్దేరి ఏసీ వేశాను. ఊరు దాటకముందే జెస్సీ ముక్కుకి చున్నీ అడ్డం పెట్టుకుంది. మరో రెండు కిలోమీటర్లకి ఆపమని చెయ్యి ఊపింది. రోడ్డు పక్కన కూర్చుని కడుపు పట్టుకుని వాంతి చేసుకుంది. నేను నీళ్ళ సీసా పట్టుకుని పక్కన నిలబడ్డాను.

"ఏమైందమ్మా, కారు పడలేదా?"

"ఏసీలోంచి వాసన వస్తా ఉండాది మామా."

ఎలుక చచ్చి ఉంటుందనుకున్నాను. మా ఇల్లు కొండ వైపు ఉంటుంది, ఎలుకలు ఎక్కువ. ఆ జనవరిలో బానెట్లో దూరి వైర్లు కొరికేశాయి కూడా. మా కాలేజీలో అటెండరుగా చేసిన పెంచలనరసయ్య దుత్తలూరులో పొగాకు వేస్తాడు. ఆయన ఒక కట్ట ఎండిన ఆకు తెచ్చిచ్చి, ఎలుక ఈ దరిదాపులకు రాదు, డ్రైవర్లందరూ ఇదే పెట్టుకుంటారు అన్నాడు. నిజంగానే మళ్ళీ ఎలుక రాలేదు. నాలుగు ఆకులతో పోయిన పీడ అని ఆయన్ని తలుచుకుంటూనే ఉన్నాను. ఇప్పుడు బానెట్ ఎత్తి టార్చిలైటు వేసి వెతికితే చచ్చిన ఎలుకా లేదు, బతికిన ఎలుకా లేదు. బానెట్ మూసేశాను.

తర్వాత నెల రోజులు నేను చేయని పని లేదు. వాటర్ సర్వీసింగ్ చేయించాను. సీటు కవర్లు పీకి ఉతికి ఆరేశాను. కింద పరిచిన మ్యాట్ల మీద వంటసోడా చల్లి పొద్దున్నే దులిపాను. బొగ్గులు గిన్నెలో పోసి సీటు కింద పెట్టాను, కాఫీ పొడి గుడ్డలో మూటకట్టి వేలాడదీశాను. ఏసీకి తగిలించే సెంటు సీసా కొనుక్కొచ్చి పెడితే జెస్సీ మా సందు మలుపులోనే దిగిపోయింది. వేరే కారు మాట్లాడి చూశాను, దాంట్లోనూ అదే రకం సెంటు. ఆమె చేతిలో నిమ్మకాయ ఒకటి ఎప్పుడూ ఉండేది. దాన్ని గోటితో గీరి ముక్కు దగ్గర పెట్టుకుని, కళ్ళు మూసుకుని, ఆత్మకూరు దాకా గంటన్నర ప్రయాణాన్ని ఓర్చుకునేది. అది కూడా కొన్నిసార్లే.

ఇవన్నీ చేశాక వాసన పోయిందో లేదో నాకెలా తెలియాలి. ఎదురింటి వాళ్ళని, చర్చికి వచ్చేవాళ్ళని బతిమాలి కారులో కూర్చోబెట్టి, ఏసీ వేసి, ఒకసారి పీల్చి చెప్పమనేవాణ్ణి. వాళ్ళు పీల్చేవాళ్ళు. నా ముఖం వైపు చూసేవాళ్ళు. ఏమీ లేదు సార్, బాగానే ఉండాది అని తలుపు తీసుకుని దిగిపోయేవాళ్ళు. మంగలి మునెయ్య మాత్రం దిగేముందు నా భుజం మీద చెయ్యి వేసి, ఈ వయసులో ఒంటరిగా ఉండడం కష్టమే సార్ అన్నాడు. దానికీ దీనికీ సంబంధమేమిటో నాకు అర్థం కాలేదు. ఆ ఆదివారం మా పాస్టరుగారు శరీరాన్ని దేవుని ఆలయంగా కాపాడుకోవడం గురించి చాలాసేపు ప్రసంగించి, ఆరాధన అయ్యాక నన్ను పక్కకు పిలిచి, తల మీద చెయ్యి ఉంచి, విడుదల కోసం ప్రార్థన చేశారు. జెస్సీ గర్భం కోసమనుకుని నేను ఆమేన్ అన్నాను.

జెస్సీని కూడా అడిగాను. కుళ్ళిన వాసనా, కాలిన వాసనా, తడి గుడ్డ వాసనా, ఏదో ఒకటి చెబితే దాన్ని పట్టుకుని వెతుకుతానన్నాను. ఆమె కిటికీ వైపు తిరిగింది.

"ఏదో వాసన మామా. నేను ఓర్చుకుంటాలే. మీరు ఇబ్బంది పడబాకండి."

ఇబ్బంది పడేది ఆమె, నేను కాదు. ఆ మాట ఆ రోజు నాకు వింతగా అనిపించింది. అంతటితో వదిలేశాను.

మే రెండో వారంలో ఏసీ వద్దనుకుని అద్దాలు దించి బయల్దేరాం. ఉదయం పదికే గాలి పొయ్యి మీది పెనంలా కాలుతోంది. దుత్తలూరు దాటాక అద్దంలో చూస్తే జెస్సీ తల పక్కకి వాలి ఉంది. కారు వేపచెట్టు కిందికి లాగాను. పిలిస్తే పలకలేదు. గొర్రెలు తోలుకుపోతున్న ఒకాయన కర్ర పారేసి పరుగెత్తుకొచ్చాడు. తన నీళ్ళ సీసాకి తడి గోనెగుడ్డ చుట్టి ఉంది. ఆ గుడ్డ విప్పి ఆమె నుదుటి మీద వేయమని నాకిచ్చాడు, తను మాత్రం మర్యాదగా అటు తిరిగి నిలబడ్డాడు. ఆయన పేరు అడగడం మరిచిపోయాను. జెస్సీ కళ్ళు తెరిచేసరికి ఆయన గొర్రెలు రోడ్డుకి అటు వైపు చెదిరిపోయి ఉన్నాయి.

ఆ రోజు డాక్టరమ్మ నన్ను లోపలికి పిలిచింది. జెస్సీ బరువు నలభై ఏడు నుంచి నలభైకి వచ్చింది.

"నేను ఎక్కించిందంతా పోయేదారిలో పోగొట్టుకుంటే ఎట్ట సార్? ఇంకో రెండు కిలోలు తగ్గితే నా చేతిలో ఉండదు. నెల్లూరులో చేర్పించుకోండి."

నెల్లూరు మాట వినగానే జెస్సీ మంచం మీద లేచి కూర్చుంది. మొదటి రెండుసార్లూ పోయింది నెల్లూరు వార్డులోనే. అక్కడ రాత్రిళ్ళు ఆడవాళ్ళనే ఉండనిస్తారు. నేను గేటు బయట, ఆమె లోపల ఒక్కతే. ఆమె ఏడవలేదు. ఇంకొక్క వారం చూస్తాం మేడం అని మాత్రం అన్నది. డాక్టరమ్మ నా వైపు చూసింది, ఏదో అనబోయి ఆగింది, చీటీ మీద ఒక వారం అని రాసిచ్చింది.

ఇంటికొచ్చి ఏలియాకి ఫోన్ చేశాను. వాడి వెనక బోరు మిషన్ చప్పుడులో సగం మాటలు వినపడలేదు. నాయనా, నువ్వే చూడు, అని వాడు రెండుసార్లు అన్నది మాత్రం వినిపించింది. ఆ రెండు రోజులు నేను సరిగా అన్నం తినలేదు. మా ఇంట్లో ఒక బిడ్డ బతకాలా వద్దా అనేది ఒక వాసన మీద ఆధారపడి ఉంది, ఆ వాసన ఏమిటో నాకు తెలియదు. కారులో ఒక్కణ్ణే కూర్చుని ఏసీ జాలీకి ముక్కు ఆనించి పీల్చేవాణ్ణి. చల్లగా ఉండేది. అంతే.

శుక్రవారం మళ్ళీ ఆత్మకూరు వెళ్ళాం. దారిలో నాలుగుసార్లు ఆగాం. సెలైన్ అయ్యాక మధ్యాహ్నం ఒంటిగంటకి బయటికొస్తుంటే గేటు దగ్గర ఒక ముసలామె, కంటికి పచ్చ రంగు అద్దాలు, చంకలో సంచి, సీతారామపురం బస్సు పోయిందని వాచ్‌మన్‌తో పోట్లాడుతోంది. మళ్ళీ బస్సు సాయంత్రానికి గానీ లేదట. ఉదయగిరి దాకా తీసుకుపోదాం మామా అని జెస్సీయే అన్నది. ఆమె పేరు మాలకొండమ్మ. ముందు సీట్లో కూర్చుని, సంచి ఒళ్ళో పెట్టుకుని, కారు వంద గజాలు కదలకముందే పచ్చ అద్దాల్లోంచి నన్ను చూసింది.

"ఏందబ్బయా, చుట్టలు కార్లోనే కాలుస్తావా?"

"నేను చుట్ట కాల్చనవ్వా."

"నా కాడ దాస్తావేంది. నా మొగుడు యాభై ఏండ్లు కాల్చి చచ్చినాడు, నాకు తెలవదా? తడిసిన పొగాకు కంపు. పురుగుల మందు కూడా ఇంత ఘాటుండదు. కడుపుతో ఉండే బిడ్డని ఎనక కూర్చోబెట్టుకోని నీకిదేం బుద్ధి?"

అద్దంలో చూశాను. జెస్సీ కళ్ళు గట్టిగా మూసుకుని ఉంది. అప్పటిదాకా కింద పడకుండా పట్టుకున్న గిన్నె ఎవరో చేయి తగిలించి పడేసినట్టుంది ఆమె ముఖం.

కారు పక్కకి తీసి ఆపాను. బానెట్ ఎత్తాను. ముందు అద్దం కింద, వైపర్ల దగ్గర, ఒక జాలీ ఉంటుంది. ఎలుకలు గూడు పెట్టేది అక్కడేనని పెంచలనరసయ్య ఇచ్చిన ఆకుని అందులోకే కుక్కాను. ఆయన చెప్పింది నాలుగు ఆకులు. ఘాటు తగ్గినప్పుడు మార్చమన్నాడు. ఘాటు తగ్గిందో లేదో తెలియని మనిషిని నేను. అందుకని పదిహేను రోజులకొకసారి పాతవాటి మీదే కొత్తవి కుక్కుతూ వచ్చాను. కారు కడిగినప్పుడల్లా అవి తడిశాయి, ఎండాయి, నలిగాయి. ఏసీ బయటి గాలిని పీల్చుకునేది ఆ జాలీలోంచే. ఎలుకలు రాకుండా నేను చేసిన ఏర్పాటు అది. నెలకు పైగా దాని గాలి నేనే నా కోడలి ముఖం మీదికి కొడుతున్నాను.

పిడికిళ్ళతో బయటికి లాగాను. లోపలవి నల్లగా, ముద్దగా, చేతికి అంటుకున్నాయి. జెస్సీ దిగి వచ్చి పక్కన నిలబడింది.

"నీకు తెలుసామ్మా, ఇది పొగాకు వాసనని?"

"తెలుసు మామా."

"మరి నేను అన్నిసార్లు అడిగితే చెప్పలేదే?"

ఆమె నిమ్మకాయని వేళ్ళ మధ్య తిప్పుతూ నిలబడింది.

"మీరు కాలుస్తా ఉండారనుకున్నా. ఊళ్ళో అందరూ అట్నే అనుకుంటా ఉండారు. డాక్టరమ్మ కూడా అడిగింది, ఇంట్లో ఎవరన్నా కాలుస్తారా అని. లేదని చెప్పినా."

"ఎందుకమ్మా?"

"అత్తమ్మ పోయినాక మీకంటూ ఏముండాది మామా. అదొక్కటన్నా ఉండనీలే అనుకున్నా."

నేను మళ్ళీ జాలీలో చెయ్యి పెట్టాను. అక్కడ ఇంకా ఆకు ఉంది. మాలకొండమ్మ దిగి వచ్చి తన కొంగు విప్పి జెస్సీ తల మీద ఎండ పడకుండా పట్టుకుంది.

ఆత్మకూరులో నాకు తెలిసిన మెకానిక్ ఫారూఖ్. వెనక్కి తిప్పి అతని షెడ్డుకి పోయాం. నేను చెప్పింది విని అతను పానా కింద పెట్టాడు. పోయిన నెల టైరు మార్చినప్పుడు నాకూ వచ్చింది సార్, పెద్దోళ్ళు గదా, ఎట్ట అడిగేదని గమ్మునున్నా అన్నాడు. డ్యాష్‌బోర్డు సొరుగు ఊడదీసి, లోపల గాలి తోసే బ్లోయర్ బయటికి తీశాడు. దాని రెక్కల నిండా ఆకు నలుసులు. దాని వెనక కూలింగ్ కాయిల్. ఏసీ నడిచినప్పుడు దాని మీద చెమ్మ పడుతుంది, ఆ నీళ్ళు సన్నటి పైపులోంచి కిందికి కారిపోవాలి. ఆ పైపు ఆకు ముద్దతో పూడిపోయింది. ఫారూఖ్ కింద పడుకుని తీగ పెట్టి పొడిస్తే గ్లాసుడు నీళ్ళు వచ్చాయి. డికాక్షన్ రంగులో ఉన్నాయి. మా ముగ్గురి మధ్య సిమెంటు నేల మీద అవి పారుతుంటే మాలకొండమ్మ కాళ్ళు వెనక్కి తీసుకుంది.

కాయిల్‌ని నురగ మందుతో మూడుసార్లు కడగాలి, రెండు గంటలు పడుతుందన్నాడు. జెస్సీని అక్కడే ఫ్యాను కింద కూర్చోబెట్టి నేను నడిచి ఆసుపత్రికి వెళ్ళాను. డాక్టరమ్మతో అంతా చెప్పాను. ఎక్కడా తగ్గించి చెప్పలేదు. బిడ్డకి ఏమైనా అయిందా అని అడిగేటప్పుడు నా చేతులకి ఇంకా ఆ జిగురు ఉంది, బల్ల కింద పెట్టుకున్నాను. ఆమె కోప్పడుతుందనుకున్నాను. జెస్సీని తీసుకురమ్మని, పేషెంట్లని ఆపి, మళ్ళీ స్కానింగ్ చేసింది. తర్వాత బయటికొచ్చి చెప్పింది.

"గుండె బాగా కొట్టుకుంటా ఉండాది సార్. ఈరోజు నేను చెప్పగలిగింది అంతే. మిగతాది నెలలు గడవాల."

అబద్ధపు ధైర్యం చెప్పనందుకు ఆమెకు దండం పెట్టాను.

నాలుగింటికి ఫారూఖ్ అన్నీ బిగించాడు. జాలీ మీద సన్నటి వల కట్టాడు, ఎలుకలకి అదే చాలన్నాడు. దిగడానికి మూడు నిమిషాల ముందు ఏసీ ఆపేసి ఉత్త ఫ్యాను నడపాలని, కాయిల్ ఆరితే బూజు పట్టదని చెప్పాడు. అతను కూర్చుని పీల్చాడు. మిగతావాళ్ళలా నా ముఖం చూడలేదు, ముక్కుతోనే పీల్చాడు.

"సబ్బు వాసన వస్తా ఉండాది సార్. అది పోతాది."

మాలకొండమ్మ తనూ పీల్చి, ఇనప వాసన కూడా ఉండాది అని సరిదిద్దింది. నాకు ఆ సాయంత్రం వాళ్ళిద్దరి మాటలే ముక్కు.

బయల్దేరాం. నేను రోడ్డు కంటే అద్దం ఎక్కువ చూశాను. ఆత్మకూరు దాటేదాకా జెస్సీ చున్నీ ముక్కు మీదే ఉంది. అలవాటుగా ఉంచుకుందో, ఇంకా వస్తోందో తెలియదు, అడిగే ధైర్యం నాకు లేదు. మాలకొండమ్మ తన కంటి ఆపరేషన్ గురించి, కోడలు గురించి, తన మేకల గురించి చెబుతూనే ఉంది. పొద్దున ఆగిన చోటొకటి వచ్చింది, పోయింది. రెండో చోటు పోయింది. మొన్న తడి గోనెగుడ్డ అందిన వేపచెట్టు పోయింది. మళ్ళీ అద్దంలో చూసేసరికి చున్నీ భుజం మీద ఉంది. ఆమె తల సీటుకి ఆనించి నిద్రపోతోంది, నోరు కొద్దిగా తెరుచుకుని, చిన్నపిల్లలా. చేతిలోంచి నిమ్మకాయ జారి ఎక్కడో సీటు కిందికి దొర్లిన చప్పుడైంది.

మాలకొండమ్మ మాట ఆపి వెనక్కి చూసింది. తర్వాత ఉదయగిరి బస్టాండు దాకా గొంతు తగ్గించి మాట్లాడింది. దిగేటప్పుడు తలుపు కూడా వేయలేదు, చప్పుడవుతుందని ఆనించి వదిలేసి పోయింది.

ఇది రాస్తున్న రోజుకి జెస్సీకి ఎనిమిదో నెల. బరువు యాభై ఒకటి. కాన్పుకని ఏలియా మళ్ళీ వచ్చి పది రోజులైంది. డాక్టరమ్మ చెప్పిన నెలల్లో ఇంకా కొన్ని వారాలు మిగిలే ఉన్నాయి, ఆ నల్లటి ముద్ద నా అరచేతిలో ఉన్నట్టు ఇప్పటికీ కొన్ని పొద్దులు మెలకువ వస్తుంది. నేను కాల్చనని ఊళ్ళో ఎవరికీ సంజాయిషీ చెప్పలేదు. మునెయ్య ఒక్కడికి చెబితే, మానేశారా సార్, మంచి పని అన్నాడు.

ఆ శుక్రవారం సాయంత్రం ఇంటి ముందు కారు ఆపాను. ఫారూఖ్ చెప్పినట్టు ఏసీ నొక్కి ఆపి, ఫ్యాను మాత్రం ఉంచాను. మూడు నిమిషాలన్నాడు. మాలకొండమ్మ ఆనించి వదిలిన తలుపుని చేత్తో పట్టుకుని, ఇంజను ఆపకుండా, ఆమె తనంతట తాను నిద్రలేచేదాకా కూర్చున్నాను.